వయ్యారిభామ తాకితే చర్మం ఎందుకు ఎర్రబడుతుంది? శరీరంలోని కణాల జ్ఞాపకమే అసలు కారణం

వానలు మొదలైన కొద్ది వారాలకే పొలం గట్ల మీద, రైలు పట్టాల వెంట, ఊళ్లలోని ఖాళీ స్థలాల్లో చిన్న చిన్న తెల్లని పూలతో ఒక కలుపు మొక్క గుంపులు గుంపులుగా పెరుగుతుంది. తెలుగువారు దానిని వయ్యారిభామ అంటారు. కాంగ్రెస్ గడ్డి అనే పేరు కూడా వాడుకలో ఉంది. శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టెరోఫోరస్.

ఏళ్ల తరబడి ఈ మొక్కను చేత్తో పీకి పారేసిన రైతుకు ఒక ఏడాది ఉన్నట్టుండి కనురెప్పలు వాస్తాయి. మెడ, చెవుల వెనుక భాగం, మోచేతి మడతలు ఎర్రబడి, దురద పెట్టి, రసి కారుతాయి. ఇన్నేళ్లు ఏమీ చేయని మొక్క ఇప్పుడెందుకు ఇంత బాధ పెడుతోందన్నది సహజంగా వచ్చే ప్రశ్న. మొక్క మారలేదు. మార్పు వచ్చింది ఆ వ్యక్తి శరీరంలోని రోగనిరోధక కణాల్లో.

ఈ రుగ్మతను వైద్యులు అలర్జిక్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. ఏదైనా పదార్థం చర్మానికి తాకినప్పుడు అలర్జీ వల్ల కలిగే శోథ ఇది. వయ్యారిభామ, సిమెంటు, జుట్టు రంగు, గిల్టు నగలు, బొట్టుబిళ్లల జిగురు వంటివి దక్షిణాసియాలో దీనికి తరచూ కారణమవుతున్నాయి. వీటన్నింటి వెనుక శరీరంలో జరిగే ప్రక్రియ దాదాపు ఒక్కటే.

మంట వేరు, అలర్జీ వేరు

చర్మానికి ఏదైనా తగిలి ఎర్రబడిన ప్రతిసారీ అది అలర్జీ కానక్కరలేదు. ఆమ్లం, క్షారం, గాఢమైన సబ్బు వంటివి చర్మ కణాలను నేరుగా దెబ్బతీస్తాయి. తగినంత మోతాదులో, తగినంత సేపు తాకితే ఎవరి చర్మమైనా దెబ్బతింటుంది. ఇది కేవలం రాపిడి, రసాయన గాయం వంటిది.

అలర్జీ అలా కాదు. పది మంది ఒకే పొలంలో కలుపు తీస్తే ఒక్కరికే రావచ్చు. ఆ ఒక్కరికి అతి స్వల్ప మోతాదు కూడా చాలు. గాలిలో కొట్టుకొచ్చే ఎండిన మొక్క పొడి సైతం సరిపోతుంది.

దద్దుర్లతో వచ్చే అలర్జీకి, దీనికి కూడా తేడా ఉంది. రొయ్యలు తిన్న కొద్ది నిమిషాలకే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. అక్కడ పనిచేసేవి రక్తంలోని ఐజీఈ అనే ప్రతిరక్షకాలు, హిస్టమిన్‌ను విడుదల చేసే మాస్ట్ కణాలు. కాంటాక్ట్ అలర్జీని నడిపేవి టి కణాలనే తెల్ల రక్తకణాలు. అవి చర్మానికి చేరుకుని, పని మొదలుపెట్టి, ఫలితం పైకి కనబడటానికి సాధారణంగా 24 నుంచి 72 గంటలు పడుతుంది. అందుకే దీనిని ఆలస్యపు అలర్జీ అని కూడా వ్యవహరిస్తారు. 1963లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఫిలిప్ జెల్, రాబిన్ కూంబ్స్ ప్రతిపాదించిన వర్గీకరణలో ఇది నాలుగో రకం.

ఈ ఆలస్యమే రోగిని తప్పుదారి పట్టిస్తుంది. సోమవారం తాకిన పదార్థానికి బుధవారం దురద మొదలైతే, అనుమానం మంగళవారం తిన్న వంకాయ కూర మీదికి పోతుంది. వంకాయ, గోంగూర మానేసి పథ్యం పాటించేవారు అసలు కారణాన్ని రోజూ తాకుతూనే ఉంటారు.

చర్మంలోకి చొరబడే చిన్న అణువు

ఆరోగ్యవంతమైన చర్మపు పై పొర గట్టి గోడ వంటిది. పెద్ద అణువులు దాని గుండా పోలేవు. దాదాపు 500 డాల్టన్ల కంటే తక్కువ అణుభారం ఉన్నవి మాత్రం దూరిపోగలవు. కాంటాక్ట్ అలర్జీ కలిగించే పదార్థాల్లో అత్యధికం ఇటువంటి చిన్న అణువులే.

ఇంత చిన్న అణువును రోగనిరోధక వ్యవస్థ సాధారణంగా పట్టించుకోదు. అయితే ఈ అణువులకు ఒక స్వభావం ఉంది. ఇవి చర్మంలోని ప్రోటీన్లకు అతుక్కుపోతాయి. అప్పటివరకు శరీరానికి సొంతమైన ప్రోటీను, ఆ అతుకుతో కొత్త రూపం దాలుస్తుంది. తెలిసిన మనిషి ముఖానికి కొత్త మీసం అతికించినట్లు, కాపలా కణాలకు అది పరాయి ప్రోటీనుగా కనిపిస్తుంది. ఇలా మరొకదానికి అతుక్కుంటే తప్ప అలర్జీ పుట్టించలేని చిన్న అణువులను హాప్టెన్లు అంటారు.

వయ్యారిభామలోని ప్రధాన హాప్టెన్ పేరు పార్థీనిన్. ఆకు, కాండం, పూల మీద ఉండే సన్నని నూగులో ఇది నిల్వ ఉంటుంది. చర్మ ప్రోటీన్లలో గంధకం ఉన్న భాగాలకు ఇది బలంగా అతుక్కుంటుంది. సిమెంటులో క్రోమియం, గిల్టు నగల్లో నికెల్, నల్లటి జుట్టు రంగులో పారా ఫినైలిన్ డయామిన్ ఇదే పాత్ర పోషిస్తాయి.

అతుక్కోవడం ఒక్కటే చాలదు. ప్రమాద సంకేతం కూడా వెలువడాలి. హాప్టెన్ ఇబ్బంది పెట్టినప్పుడు చర్మపు పై పొరలోని కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 వంటి సందేశ రసాయనాలను విడుదల చేస్తాయి. ఏదో ముప్పు వాటిల్లిందని చుట్టుపక్కల కణాలకు అందే హెచ్చరిక అది.

నికెల్ విషయంలో ఈ హెచ్చరిక ఎలా పుడుతుందో 2010లో వెల్లడైన పరిశోధన వివరించింది. బ్యాక్టీరియాను గుర్తించడానికి మానవ కణాలపై టీఎల్ఆర్4 అనే గ్రాహకం ఉంటుంది. నికెల్ నేరుగా ఈ గ్రాహకానికే అంటుకుని, బ్యాక్టీరియా దాడి చేసినంత కలకలం రేపుతుంది. ఎలుకల్లోని అదే గ్రాహకం నిర్మాణం కాస్త భిన్నం కావడంతో నికెల్ అక్కడ పట్టు దొరకబుచ్చుకోలేదు. ఎలుకల్లో నికెల్ అలర్జీ కలిగించడం శాస్త్రవేత్తలకు ఎందుకు కష్టమైందో దీనితో అర్థమైంది.

తొలి దశ: ఏమీ కనిపించని పరిచయం

చర్మపు పై పొరలో కొమ్మల్లాంటి చేతులు చాచి ఉండే కణాలు కొన్ని ఉంటాయి. 1868లో బెర్లిన్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ వీటిని తొలిసారి వర్ణించారు. ఆకారం చూసి ఆయన వాటిని నాడీ కణాలని భావించారు. అవి రోగనిరోధక వ్యవస్థకు చెందిన కాపలా కణాలని తేలడానికి శతాబ్దానికి పైగా పట్టింది. ఇప్పుడవి ఆయన పేరుతోనే లాంగర్‌హాన్స్ కణాలుగా ప్రసిద్ధి. లోపలి పొరలో ఇదే కోవకు చెందిన ఇతర డెండ్రైటిక్ కణాలు కూడా ఉంటాయి.

హాప్టెన్ అతుక్కున్న ప్రోటీన్లను ఈ కణాలు గ్రహిస్తాయి. ప్రమాద సంకేతం అందగానే చర్మాన్ని విడిచి, శోషరస నాళాల గుండా దగ్గరలోని శోషరస గ్రంథులకు ప్రయాణిస్తాయి. చేతికి తాకితే చంకలోని గ్రంథులకు, కాలికి తాకితే గజ్జల్లోని గ్రంథులకు చేరతాయి. తాము తెచ్చిన ప్రోటీను ముక్కలను అక్కడి టి కణాల ముందు ప్రదర్శిస్తాయి.

శరీరంలోని ఒక్కో టి కణం ఒక్కో రకం ఆకృతిని మాత్రమే గుర్తుపట్టగలదు. కోట్లాది కణాల్లో ఈ కొత్త ఆకృతికి సరిపోయేవి కొన్నే ఉంటాయి. సరిజోడు దొరికిన టి కణం చైతన్యం పొంది, విభజన చెందుతూ వేల సంఖ్యలో తనలాంటి కణాలను తయారు చేస్తుంది. చర్మానికి దారి చూపే చిరునామా వంటి గుర్తులు కూడా వాటి ఉపరితలంపై ఏర్పడతాయి.

ఈ దశకు సుమారు 10 నుంచి 15 రోజులు పడుతుంది. ఈ కాలంలో చర్మంపై సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు. కొన్ని సందర్భాల్లో తొలి స్పర్శకే ఇది జరుగుతుంది. చాలామందిలో నెలలు, ఏళ్ల తరబడి తాకిన తరువాతే జరుగుతుంది. ఎందరికో అసలు జరగనే జరగదు. పదేళ్లుగా ఒకే జుట్టు రంగు వాడుతున్నా ఏమీ కాలేదు కాబట్టి ఇకపైనా కాదనే ధీమాకు అందుకే ఆధారం లేదు.

మలి దశ: గుర్తుపట్టిన కణాల దాడి

ఒకసారి పరిచయం పూర్తయ్యాక అదే పదార్థం మళ్లీ తాకితే కథ మారిపోతుంది. సిద్ధంగా ఉన్న టి కణాలు రక్తం ద్వారా ఆ చోటికి చేరుకుంటాయి. వాటిలో సిడి8 రకం కణాలు హాప్టెన్ అతుక్కున్న చర్మ కణాలను చంపుతాయి. సిడి4 రకం కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్-17 వంటి రసాయనాలను వెదజల్లి మరిన్ని తెల్ల రక్తకణాలను పిలుస్తాయి.

రక్తనాళాలు వెడల్పవడంతో చర్మం ఎర్రబడుతుంది. వాటి నుంచి ద్రవం ఊరి వాపు వస్తుంది. ఆ ద్రవం పై పొరలోని కణాల మధ్య చేరి వాటిని విడదీయడంతో చిన్న చిన్న నీటి పొక్కులు లేస్తాయి. పొక్కులు చితికి రసి కారుతుంది. తాకిడి ఆగకుండా కొనసాగితే చర్మం మందమై, నల్లబడి, పగుళ్లు తేలుతుంది.

ఆ పదార్థం వల్ల శరీరానికి వాస్తవంగా కలిగే హాని చాలా స్వల్పం. నికెల్ పూత ఉన్న గాజు తొడుక్కున్నంత మాత్రాన ప్రాణానికేమీ ముప్పు లేదు. కనబడే నష్టమంతా లేని శత్రువుపై శరీరం చేసిన యుద్ధ ఫలితమే.

సూచన ఇచ్చిన గినీ పందులు

ఈ అలర్జీకి కణాలే మూలమని నిరూపించింది కార్ల్ లాండ్‌స్టైనర్, మెరిల్ చేజ్. రక్త వర్గాలను కనుగొన్నందుకు 1930లో నోబెల్ బహుమతి అందుకున్న లాండ్‌స్టైనర్, ఆ తరువాత న్యూయార్క్‌లో చర్మ అలర్జీలపై పరిశోధించారు. అలర్జీ ఉన్న గినీ పంది నుంచి రక్తరసిని తీసి ఆరోగ్యంగా ఉన్న మరో పందికి ఎక్కిస్తే అలర్జీ బదిలీ కాలేదు. తెల్ల రక్తకణాలను ఎక్కించినప్పుడు బదిలీ అయింది. 1942లో ప్రచురితమైన ఈ ఫలితం, రోగనిరోధక శక్తి అంతా రక్తరసిలోని ప్రతిరక్షకాలదే అన్న ఆనాటి అభిప్రాయాన్ని సవరించింది.

అలర్జీని చర్మంపై కావాలని పుట్టించి కారణాన్ని పట్టుకోవచ్చన్న ఆలోచన అంతకంటే పాతది. జర్మన్ వైద్యుడు యోసెఫ్ యాడసోన్ 1895లో పాదరసం లేపనాల విషయంలో దీనిని ప్రదర్శించారు. నేటి ప్యాచ్ పరీక్షకు పునాది అదే.

తొలగిపోని జ్ఞాపకం

శోథ తగ్గాక టి కణాల్లో చాలా భాగం నశిస్తాయి. కొన్ని మాత్రం జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి, తరచూ జీవితాంతం మిగిలిపోతాయి. వాటిలో ఒక వర్గం రక్తంలోకి తిరిగి వెళ్లకుండా, ఒకప్పుడు శోథ వచ్చిన చర్మంలోనే స్థిరపడుతుంది. ఈసారి అదే చోట పదార్థం తాకితే దూరం నుంచి సైన్యం రావలసిన పని లేదు. అక్కడే ఉన్న కణాలు వెంటనే స్పందిస్తాయి. పాత చోటే దురద త్వరగా, తీవ్రంగా తిరగబెట్టడానికి ఒక ముఖ్య కారణం ఇదేనని పరిశోధకులు భావిస్తున్నారు.

మరోవైపు, ఈ యుద్ధాన్ని అదుపు చేసే కణాలు కూడా శరీరంలో ఉన్నాయి. నియంత్రక టి కణాలుగా పిలిచే ఇవి మిగతా కణాల దూకుడుకు కళ్లెం వేస్తాయి. ఒకే పదార్థాన్ని తాకే వందలాది మందిలో కొందరికే అలర్జీ రావడానికి ఈ నియంత్రణలోని తేడాలు, వంశపారంపర్య లక్షణాలు, చర్మపు గోడ పటిష్ఠత, తాకే మోతాదు అన్నీ తోడవుతాయి.

ఈ జ్ఞాపకం పోలికలను కూడా పట్టుకుంటుంది. పార్థీనిన్‌ను గుర్తుంచుకున్న కణాలు అదే వృక్ష కుటుంబానికి చెందిన చామంతి వంటి మొక్కల్లోని సారూప్య రసాయనాలకూ స్పందించవచ్చు. బట్టలపై చెరగని గుర్తు పెట్టడానికి చాకలివారు పూర్వం వాడిన నల్లజీడి గింజ రసం మరో ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారత్‌లో ఉన్న అమెరికన్ సైనికుల్లో కొందరికి సరిగ్గా ఆ గుర్తు తాకిన చోటే పొక్కులు లేచాయి. నల్లజీడి రసం అమెరికాలో పెరిగే పాయిజన్ ఐవీ మొక్క రసానికి రసాయనికంగా దగ్గరి బంధువు. స్వదేశంలో ఆ మొక్కతో పరిచయమైన కణాలు ఇక్కడి రసాన్నీ గుర్తుపట్టగలవు.

ఇంట్లోనూ, పనిలోనూ

వయ్యారిభామ అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క. భారత్‌లో ఇది 1950ల మధ్యలో పుణె ప్రాంతంలో వృక్షశాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. దిగుమతి చేసుకున్న గోధుమలతో పాటు దీని విత్తనాలు వచ్చాయన్నది విస్తృతంగా ఉన్న అభిప్రాయం. నేడు ఇది దేశమంతటా, పాకిస్థాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల్లో కూడా వ్యాపించింది. రైతులు, వ్యవసాయ కూలీలు, రోడ్ల పక్కన కలుపు తొలగించే పారిశుద్ధ్య కార్మికులు ఎక్కువగా దీని బారిన పడతారు.

దీనిని ఎండ వల్ల వచ్చే అలర్జీగా పొరబడటం సాధారణం. ఎండ సోకని చోట్లు తేడాను చూపిస్తాయి. గాలిలోని పొడి గడ్డం కింద, చెవుల వెనుక, పై కనురెప్పల మీద, మడతల్లో కూడా చేరుతుంది. ఎండ వల్ల వచ్చే శోథ సాధారణంగా ఈ చోట్లను వదిలేస్తుంది.

తాపీ మేస్త్రీలకు, సిమెంటు పనిచేసే కూలీలకు చేతులు, పాదాల మీద శోథ వస్తుంది. తడి సిమెంటులోని క్షారం ముందుగా చర్మపు గోడను దెబ్బతీస్తుంది. ఆ పగుళ్ల గుండా క్రోమియం లోపలికి పోతుంది.

జుట్టు రంగుతో శోథ తలపై కంటే నుదురు, చెవులు, కనురెప్పల మీదే ఎక్కువగా కనిపించవచ్చు. మామూలు గోరింటాకుతో అలర్జీ అరుదు. నల్లగా పండటానికి జుట్టు రంగులోని రసాయనాన్ని కలిపిన మెహందీతో ముప్పు ఎక్కువ. దానితో ఒకసారి అలర్జీ వచ్చినవారికి తరువాత ఎప్పుడో జుట్టు రంగు వేసుకున్నప్పుడు తీవ్ర ప్రతిచర్య రావచ్చు. చెవి తమ్మెలు, మెడ, బొడ్డు దగ్గర ప్యాంటు గుండీ తాకే చోటు నికెల్ అలర్జీకి ఆనవాళ్లు. బొట్టుబిళ్ల జిగురులోని కొన్ని రసాయనాలు శోథతో పాటు నుదుటి మీద తెల్ల మచ్చను కూడా మిగల్చవచ్చు.

కారణాన్ని పట్టుకునే పరీక్ష

అలర్జీకి కారణాన్ని నిర్ధారించే ప్రధాన మార్గం ప్యాచ్ పరీక్ష. రక్త పరీక్షలో ఐజీఈ మోతాదు చూడటం ఈ అలర్జీకి ఉపయోగపడదు. ఇందులో పనిచేసేవి ప్రతిరక్షకాలు కాకపోవడమే కారణం.

అనుమానిత పదార్థాలను తగిన గాఢతలో చిన్న చిన్న గిన్నెల్లాంటి బిళ్లల్లో ఉంచి వీపు పైభాగంలో అతికిస్తారు. 48 గంటల తరువాత తీసి చూస్తారు. టి కణాలు ఆలస్యంగా చేరతాయి కాబట్టి 72 లేదా 96 గంటలకు మరోసారి చూడటం తప్పనిసరి. ఎర్రబడి, గట్టిపడి, పొక్కులు లేచిన చోటు ఏ పదార్థానిదో దానినే కారణంగా పరిగణిస్తారు. ఇక్కడి ప్రజలు తరచూ తాకే పదార్థాలతో రూపొందించిన భారతీయ ప్రామాణిక శ్రేణి చర్మవైద్య నిపుణులకు అందుబాటులో ఉంది. పరీక్ష పూర్తయ్యేదాకా వీపును తడపరాదు, చెమట పట్టే పనులు చేయరాదు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే వైద్యునికి చెప్పాలి. అవి టి కణాలను అణచివేయడంతో పరీక్ష తప్పుడు ఫలితం ఇవ్వవచ్చు.

లేపనం నిప్పును ఆర్పుతుంది, జ్ఞాపకాన్ని కాదు

స్టెరాయిడ్ లేపనాలు శోథను తగ్గిస్తాయి. ముఖం వంటి సున్నిత ప్రాంతాలకు వైద్యులు టాక్రోలిమస్ లేపనం సూచిస్తారు. వయ్యారిభామ అలర్జీ తీవ్రమై ఒళ్లంతా పాకినవారికి, క్రమం తప్పని రక్త పరీక్షలతో అజాథయోప్రిన్ మాత్రలు ఇస్తారు. వీటిలో ఏదీ జ్ఞాపక కణాలను పూర్తిగా తొలగించలేదు. మందు ఆపి, పదార్థాన్ని మళ్లీ తాకితే శోథ తిరిగి వస్తుంది.

తెలుగులో తామర అనే ఒక్క మాటను ఈ శోథకూ, బూజు జాతి క్రిముల వల్ల వచ్చే అంటు మచ్చలకూ కూడా వాడుతుంటారు. దీంతో మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మిశ్రమ లేపనమే రెండింటికీ పూస్తున్నారు. అందులోని బలమైన స్టెరాయిడ్ కొన్నాళ్లు ఉపశమనమిస్తుంది. దీర్ఘకాలం వాడితే చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి, అంటు మచ్చలైతే మరింత వ్యాపిస్తాయి. అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది.

కారణం తెలిశాక దానికి దూరంగా ఉండటమే శాశ్వత పరిష్కారానికి దగ్గరి దారి. వయ్యారిభామను పూత రాకముందే, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముఖానికి గుడ్డ ధరించి పీకాలి. అలర్జీ ఉన్నవారు ఆ పనికే వెళ్లకపోవడం మేలు. పొలం నుంచి రాగానే స్నానం చేసి, బట్టలు విడిగా ఉతకాలి. సిమెంటు పనివారు తొడుగులు, బూట్లు వాడాలి. తొడుగు లోపలికి తడి సిమెంటు చేరితే వెంటనే కడుక్కోవాలి.

అయితే రోజు కూలీ మీద బతికే వ్యక్తికి పని మానుకోమనే సలహా తేలికైనది కాదు. అందువల్ల పదార్థాన్నే మార్చే ప్రయత్నాలు కొన్ని దేశాల్లో జరిగాయి. సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే క్రోమియం చర్మంలోకి సులువుగా చొరబడలేని రూపానికి మారుతుంది. డెన్మార్క్ 1980లలోనే ఈ పద్ధతిని అమలు చేసింది. 2005 నుంచి ఐరోపా సమాఖ్య సిమెంటులో కరిగే ఆ రకం క్రోమియాన్ని పది లక్షల భాగాల్లో 2 భాగాలకు పరిమితం చేసింది. చర్మానికి తాకే వస్తువుల నుంచి వెలువడే నికెల్‌పై కూడా అక్కడ పరిమితులు ఉన్నాయి. ఆ నిబంధనల తరువాత డెన్మార్క్‌లో యువతుల్లో నికెల్ అలర్జీ తగ్గినట్లు అధ్యయనాలు చూపాయి.

టి కణం ఒకసారి నేర్చుకున్నదాన్ని మరచిపోయేలా చేసే మందు ఇంకా లేదు. అది నేర్చుకోకముందే చర్మాన్ని కాపాడుకోవడం, నేర్చుకున్నాక కారణమేదో పరీక్షతో తేల్చుకోవడం సాధ్యమే. పక్షం రోజులు దాటినా తగ్గని దురద, లేదా ఒకే చోట పదే పదే వచ్చే శోథ ఉన్నవారు సొంత వైద్యం మాని చర్మవైద్యుని సంప్రదించడం అవసరం. వెళ్లేటప్పుడు చేసే పని, వాడే రంగులు, సబ్బులు, నగల వివరాలు రాసుకుని వెళ్తే కారణం త్వరగా దొరుకుతుంది.